ముందు ఏది తియ్యాలె?

నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి మొహం మీద పడే లైటు సరిచేస్తుండగా జేబులో ఫోన్ వరసగా టింగుమంటూ మోగడం మొదలుపెట్టింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఫొటోగ్రాఫర్లం కలిసి పెట్టుకున్న గ్రూపు అది. వనపర్తి మేడం చనిపోయిందని ఎవరో రాశారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడుతూనే ఉన్నాయి. పైన పెట్టిన ఫొటో చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో గుర్తింపు కార్డులోంచి కత్తిరించిన అంగుళం బొమ్మ అది. దాన్ని సాగదీసి పెట్టేసరికి ముక్కూ మూతీ కలిసిపోయాయి. మూడు జిల్లాల్లో కెమెరా పట్టినవాళ్లలో ఆమె మెట్లు ఎక్కనివాడు లేడు. ఒక్కడైనా ఆమెకొక ఫొటో తీసి ఉంటే కదా. నేనూ తీయలేదు.

అందరికీ ఆమె హార్డు డిస్కుల మేడం. నేను మాత్రం అక్కా అనేవాడిని. వనపర్తి బస్టాండు వెనక సందులో జిరాక్సు షాపు పక్కన ఇరుకు మెట్లు, పైన ఒకే గది. బోర్డు లేదు. పాడైన హార్డు డిస్కుల్లో ఇరుక్కున్న ఫొటోలు బయటికి తీయడం ఆమె పని. ఒకప్పుడు ఏదో కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేదని విన్నాను. అంతకు మించి ఆమె గురించి నాకేమీ తెలియదు, అడిగే ధైర్యమూ చేయలేదు. ఈ పని ఎవరు నేర్పారక్కా అని ఒక్కసారి అడిగాను. "పాడైనయే నేర్పినయ్" అని మళ్లీ తెరవైపు తిరిగింది.

టేబుల్ మీద నాలుగు మడతల తువ్వాలు పరిచి, దాని మీద డిస్కు పెట్టి, ముందు ఫ్యాను ఆపేసేది. ఏప్రిల్ నెలైనా సరే. ఫ్యాను మోతలో అది ఏమంటున్నదో వినపడదని ఆమె వాదన. మిగతా రిపేరువాళ్లు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. అలా ఊపడం ఆమెకు గిట్టేది కాదు. తను రెండు వేళ్లు దాని వీపు మీద ఆనించి, నాడి చూసే వైద్యుడిలా మొహం పక్కకు తిప్పి గోడకేసి చూస్తూ ఉండేది. నోట్లో నాలుగు సోంపు గింజలు. అవి నమలడం ఆపిందంటే లోపల ఏదో తేడా ఉందని మాకు అర్థమయ్యేది. డిస్కు తిరుగుతున్నంతసేపూ ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. చప్పుడు ఎప్పటినుంచి వస్తోంది? మేమంతా ఒకే అబద్ధం చెప్పేవాళ్లం, నిన్నటి నుంచే అని. ఆమె వైరు తగిలించి తెర మీద ఏదో చదివేది. మొదటి తప్పు ఎప్పుడు జరిగింది, ఆ తర్వాత తను ఎన్ని గంటలు తిరిగింది అనేది డిస్కు తనలోనే రాసి పెట్టుకుంటుందట. "నువ్వు చెప్పకున్నా ఇది చెప్తది తమ్మీ. జరమొచ్చినోన్ని ఇన్ని దినాలు ఉరికించినవ్" అనేది. గొంతు పెంచేది కాదు. తిట్టినా బాగుండేది అనిపించేది.

డిస్కులో అక్కడక్కడ చోటు పుచ్చిపోతుంది. ఆ పుచ్చిన చోట ఏ ఫైలు ఉందో బయటికి తెలియదు. పేరు ఉంటుంది, సైజు ఉంటుంది, అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తీరా తెరిస్తే సగం బొమ్మ, కింద సగం బూడిద రంగు. పైకి నిండుగా ఉండి వలిస్తే పుచ్చు తేలే వేరుశెనక్కాయ లాంటిదే. బయట షాపుల్లో వచ్చినంత కాపీ చేసి, అన్నీ వచ్చాయని చేతిలో పెట్టేస్తారు. ఆమె అలా ఇచ్చేది కాదు. ఏ చోటు పుచ్చిందో వెతికి, ఆ చోటు ఏ ఫైలుదో పోల్చుకుని, ఆ ఫైళ్ల పేర్లన్నీ తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసి ఇచ్చేది. బాగున్నదానికి టిక్కు, దెబ్బతిన్నదానికి ఇంటూ. ఏది పోయిందో తెలియకుండా చేతిలో పెట్టడం మోసం అనేది.

పని మొదలుపెట్టే ముందు పెన్సిల్ చేతిలోకి తీసుకుని ఒక మాట అడిగేది. "ఇది ఎంతసేపు తిరుగుతదో తెల్వదు. ముందు ఏది తియ్యాలె?" నా ముందే ఒకసారి వనపర్తి వీడియో ఆయన ఒకరు అన్నీ తియ్యండి మేడం అన్నాడు. ఆమె డిస్కును తువ్వాలతో సహా అతని వైపు జరిపింది. "అన్నీ అనేది ఫైలు పేరు గాదు." అతను గంటసేపు మెట్ల మీద కూర్చుని ఆలోచించుకుని వచ్చాడు. ఎంతోమందిని ఆ ప్రశ్నకు తడబడగా చూశాను. నా వంతు వచ్చేదాకా నాకది నవ్వులాటగానే ఉండేది.

నాలుగేళ్ల కిందటి మాట. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పెళ్లయ్యాక ఇంటివాళ్లు స్టూడియోకి వచ్చి ఫొటోలన్నీ చూసి ఆల్బంలోకి కావలసినవి ఏరుకోవాలి. ఏరాకే ప్రింటు. మా గద్వాల పక్క ఏరడానికి రానివాళ్లు చాలామంది. పెళ్లయిన వారానికే పూణెకో బొంబాయికో పనికి బస్సెక్కేస్తారు, తిరిగొచ్చాక చూసుకుందాంలే అనుకుంటారు. అలాంటి పెళ్లిళ్లన్నీ నేను ఒక డిస్కులో పడేసి, దాని మీద 'ఏరనివి' అని మార్కరుతో రాశాను. ఆ ఏడు సీజన్లో చోటు చాలక, అయిజలో చేసిన ఒక పెద్ద పెళ్లిని కూడా అందులోనే ఎక్కించాను. మర్నాడు ఇంకో పెళ్లి ఉందని కెమెరా కార్డులు చెరిపేశాను. ఇంకో కాపీ పెట్టలేదు. రేపు పెడదాం అనుకున్నాను. ఆ రేపు రానే లేదు.

డిస్కు టిక్కుటిక్కుమనడం అప్పటికే పదిహేను రోజులుగా వింటున్నాను. సువార్త నా స్టూడియోకి వచ్చిన రోజు కూడా అది అలాగే కొట్టుకుంటోంది. గట్టు మండలంలో ఒక చిన్న ఊరు ఆమెది. కూలి పనికి పోయే కుటుంబం. అప్పటికి ఆరేళ్ల ముందు వాళ్ల ఊరి చర్చిలో ఆమె పెళ్లికి ఫొటోలు తీసింది నేనే. పెళ్లైన నాలుగో రోజే ఆలుమగలు పూణె వెళ్లిపోయారు, ఏరడానికి రాలేదు. ఇప్పుడు ఆమె ఒక్కతే వచ్చింది. భర్త ఏలియా మేడ కట్టే పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడట. జేబులోని ఫోనూ, అందులోని ఫొటోలూ అతనితోనే పోయాయి. శవాన్ని పెట్టెలో ఊరికి తెచ్చారు గాని మూత తీయనివ్వలేదట. ఆధార్ కార్డు మీది బొమ్మ ఉంది గాని అది చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఆమె నాతో అన్నది ఇంతే. "ఆయన మొకం సూడలేదన్నా. పెండ్లివి నీ కాడ ఉంటయని వచ్చిన."

ఉన్నాయి చెల్లే అని ధీమాగా డిస్కు తగిలించాను. ఫోల్డరు పేరు కనిపించింది. తెరిస్తే కంప్యూటరు బిగుసుకుపోయింది. అప్పుడు చేశాను, చేయకూడని పని. రిపేరు చేయమంటారా అని కంప్యూటరు అడిగితే చేయమన్నాను. రెండు గంటలు డిస్కు గిలగిల్లాడింది. ఆ తర్వాత గట్టు పెళ్లే కాదు, అయిజ పెళ్లి కూడా తెరుచుకోవడం మానేసింది. నా గుండె గుభేలుమన్నది ఆ రెండోది చూశాకే. దాచి లాభమేముంది, అదే నిజం.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వనపర్తి బస్సెక్కాం. వద్దన్నా వినకుండా డిస్కు సంచీని సువార్త ఒళ్లో పెట్టుకుంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకునేది. పెబ్బేరు దాటినా మానలేదు. నా ఫోను మూడుసార్లు మోగింది. అయిజ పెళ్లికూతురి తండ్రి. పత్తి విత్తనాలు సాగు చేయించే పెద్ద రైతు, నాకు ఇంతకుముందు నాలుగు పెళ్లిళ్లు ఇప్పించినవాడు. ఆదివారానికల్లా ఆల్బం ఇంట్లో ఉండాలని చెప్పి పెట్టాడు. ఫొటోలు పోయాయని తెలిస్తే అయిజలో నన్ను గడప కూడా ఎక్కనివ్వరు. నేను ఫోన్ ఎత్తలేదు.

అక్క మామూలుగానే తువ్వాలు పరిచింది, ఫ్యాను ఆపింది. సువార్తను గోడ పక్క బల్ల మీద కూర్చోమంది. సంగతంతా నేనే చెప్పాను, రిపేరు చేశానని కూడా. అప్పుడామె సోంపు నమలడం ఆపేసింది. "బాగు చెయ్యమని దాన్ని కొట్టినవ్" అంది. తర్వాత రెండు వేళ్లూ ఆనించి చాలాసేపు గోడకేసి చూసింది. లోపలి నుంచి టిక్కు, కాస్త ఆగి మళ్లీ టిక్కు. పెన్సిల్ తీసుకుంది.

"ఎక్కువసేపు ఉండదు. ముందు ఏది తియ్యాలె?"

ఆ గదిలో ఎంత ఉక్కగా ఉందో ఇప్పటికీ నా వీపుకు గుర్తుంది. బల్ల మీద సువార్త ఉందని తెలుసు. నేనటు చూడలేదు. మా ఈ లెక్కలు ఆమెకేం తెలుస్తాయిలే అనుకున్నాను. అయిజ, అన్నాను.

పెన్సిల్ కాగితం మీద ఆనింది గాని కదల్లేదు. ఎవరికైనా ఒక్కసారి అడగడమే ఆమె నియమం, చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. అలాంటిది తల ఎత్తి నన్ను చూసింది. అదే మాట, అదే గొంతుతో, మళ్లీ అడిగింది.

"ముందు ఏది తియ్యాలె తమ్మీ?"

నాకు అర్థం కాలేదని చెప్పను. బాగానే అర్థమైంది. ఆరేళ్లు పడి ఉన్నవి ఇంకో రెండు గంటలు ఆగలేవా, అయిజ అయ్యాక ఎలాగూ గట్టు తీస్తుందిగా అని నాలో నేను సర్దిచెప్పుకున్నాను. అయిజే అక్కా, ఆదివారానికి ఇయ్యాలె అన్నాను. ఆమె రాసుకుంది. డిస్కు నాది, మాట నాది.

అయిజ పెళ్లి రావడానికి ఒంటిగంట దాటింది. ఏడంటే ఏడు ఇంటూలు. మిగతావన్నీ టిక్కులు. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో డిస్కు చప్పుడు మారిన సంగతి నేను గమనించలేదు. పొద్దున ఆగి ఆగి వచ్చిన టిక్కు ఇప్పుడు ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తోంది. అక్క దాన్ని కాసేపు ఆపి, తడి గుడ్డతో టేబుల్ తుడిచి, కిటికీ తలుపులు మూసి ఎండ పడకుండా చేసింది. తర్వాత గట్టు మొదలుపెట్టింది.

మూడొందల పన్నెండు ఫొటోలు. నంబర్లు తప్ప పేర్లు లేవు. నూట ఎనభై ఏడు దాకా టిక్కులు పడ్డాయి. నూట ఎనభై ఎనిమిదికి ఇంటూ. తర్వాతది ఇంటూ. ఆ తర్వాతదీ అంతే. పెన్సిల్ ఆగకుండా ఇంటూలు పెడుతూనే ఉంది. ఒకదాని వెనక ఒకటి తీసినవి డిస్కులో కూడా పక్కపక్కనే కూర్చుంటాయి, ఒక చోట పుచ్చు పట్టిందంటే పెళ్లిలో ఒక ముక్క ముక్కే పోతుంది. రెండొందల డెబ్బై నాలుగు దగ్గర మళ్లీ టిక్కులు మొదలయ్యాయి. "ఈ నడిమివి ఏంటియి తమ్మీ?" అని అడిగింది అక్క.

ఎవరి పెళ్లైనా నేను తీసే వరస ఒకటే. ముందు పెళ్లికూతురి ఇంట్లో పసుపు, ముస్తాబు. తర్వాత చర్చిలోకి పెళ్లికొడుకు రావడం, ప్రార్థన, తాళి, ఉంగరాలు, పెళ్లికొడుకు ఒక్కడే, ఆపైన జంట. చివర భోజనాలు. వేళ్ల మీద లెక్కేసుకుంటూ చెప్పాను. అతను గడప దాటి లోపలికి వచ్చిన దగ్గర నుంచి జంట ఫొటోలు అయిపోయేదాకా మొత్తం ఆ ఇంటూల్లోనే ఉంది. బాగున్నవాటిని అక్క ఒక్కొక్కటే తెర మీద చూపించింది. అద్దం ముందు సువార్త, పూలు పెట్టించుకుంటూ సువార్త, చెల్లెలి పక్కన నవ్వుతూ సువార్త. భోజనాల దగ్గర ఒకదాంట్లో ఏలియా ఉన్నాడు. చేతులు కడుక్కుంటున్నాడు, వీపు ఇటు.

"అన్నిట్ల నేనే ఉన్న" అంది సువార్త.

అక్క మళ్లీ ఆ ఇంటూల మీదికి వెళ్లింది. ఈసారి ఒక్కో ఫొటో కోసం పదే పదే ప్రయత్నిస్తూ, మధ్యలో డిస్కును చల్లారనిస్తూ. చెమట ఆమె మోచేతుల నుంచి కారుతోంది. తుడుచుకోలేదు, వేళ్లు తీయలేదు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోవాలనిపించలేదు. ఫొటో పైనుంచి కిందికి వస్తుంది. ఎంత చదవగలిగితే అంతవరకే. ఒకదాంట్లో చర్చి గోడా రంగు కాగితాల తోరణాలూ వచ్చి ఆగిపోయింది. ఇంకోదాంట్లో పాస్టరు గారి నుదురు. రెండొందల మూడో నంబరు ఏలియాను నేను దగ్గరగా తీసినది. ముందు వెనక తెర వచ్చింది, తర్వాత నున్నగా దువ్విన జుట్టు, నుదురు, కనుబొమలు, కళ్లు. కళ్ల కింద నుంచి బూడిద రంగు. సువార్త ఎప్పుడు లేచి వచ్చిందో తెర ముందు నిలబడి ఉంది. టిక్కు, టిక్కు, టిక్కు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అక్క కాసేపు వేళ్లు అలాగే ఉంచింది. తర్వాత తీసేసి, లేచి వెళ్లి ఫ్యాను వేసింది.

నోరు ఊరుకోదు కదా. మిగతా సగం మొహం కంప్యూటర్‌తో కలపొచ్చు, ఏలియా అన్నదమ్ముల ఫొటో ఒకటుంటే చాలు, తేడా తెలియకుండా చేసిస్తాను అన్నాను. అక్క కోపం నేను చూసింది ఆ ఒక్కసారే. "లేనిది కలపకు. ఎక్కడిదాక ఉన్నడో అక్కడిదాకనే చూపియ్యి" అంది. ఆ సగం ఫొటోనే ప్రింటు తీసి సువార్త చేతికి ఇచ్చింది. సువార్త దాన్ని కొంగులో పెట్టుకుని మెట్లు దిగింది.

నేను వెనకబడి అడిగాను. ముందు గట్టు తీసి ఉంటే వచ్చేదా అక్కా?

"తెల్వదు తమ్మీ."

వచ్చేది అన్నా, రాకపోయేది అన్నా ఏదో ఒక దారి దొరికేది నాకు. ఆమె ఏదీ ఇవ్వలేదు. డిస్కు కూడా ఇవ్వలేదు, ఇక్కడే ఉండనియ్యి అంది. చచ్చిన డిస్కు నాకెందుకని వదిలేశాను. ఆదివారం అయిజ ఆల్బం ఇచ్చాను. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎన్నోసార్లు వేరే డిస్కులతో ఆమె దగ్గరికి వెళ్లాను. అదే తువ్వాలు, అవే ప్రశ్నలు, ఆ రోజు ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. సువార్తకు మాత్రం నేను మళ్లీ ఎదురుపడలేదు. గట్టు వైపు పెళ్లి పిలుపు వస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాడిని.

గ్రూపులో ఆ కబురు చూడగానే ఫంక్షన్ హాల్లో కెమెరా నా జోడీదారుకు అప్పగించి, అడ్రసు కనుక్కుని వెళ్లాను. జబ్బు చేశాక అక్క నాగర్‌కర్నూల్‌లో చెల్లెలింట్లోనే ఉందట. నేను వెళ్లేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. ఆమెను చూశాను. మొహం మీద తువ్వాలు కప్పలేదు, అంతా కనిపిస్తోంది. బయటికి వచ్చేసరికి గోడ వారన సువార్త కూర్చుని ఉంది. తెల్లవారుజామున మొదటి బస్సుకు గట్టు నుంచి బయలుదేరిందట. అక్క చెల్లెలు రాత్రే ఫోన్ చేసి చెప్పిందట.

నువ్వెట్ల తెలుసు చెల్లే వీళ్లకు అని అడిగాను. సువార్త సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. అదే ఫొటో, రెండొందల మూడు. ఆ జుట్టే, ఆ నుదురే. కళ్ల కింద ఇప్పుడు ముక్కు ఉంది.

"సలికాలం వస్తె మేడం పిలిపిస్తుండె అన్నా. డిస్కు సల్లగ ఉన్నప్పుడు జరసేపే తిప్పుతుండె. రెండు యేండ్లు ఏం రాలే. పోయినేడు ముక్కు వచ్చింది. ఈయేడు మీసం వస్తదేమో సూద్దామనె."

ఆమె పక్కనే చతికిలబడ్డాను. నాలుగేళ్లుగా చెప్పలేకపోయినది అప్పుడు బయటపడింది. ఆ రోజు నేను అయిజ పెళ్లి ముందు తియ్యమన్నానని, అది తీసేలోపే డిస్కు అలిసిపోయి ఉండొచ్చని, ఆ సంగతి ఆమెకు చెప్పకుండా దాచానని చెప్పాను. తప్పు నాదే చెల్లే అన్నాను.

సువార్త ఫొటోను మళ్లీ కవర్లో పెట్టుకుంది. కోపం లేదు ఆమె మొహంలో, ఉంటే తట్టుకునేవాడినేమో.

"దాసుడేందన్నా, నేను ఆడనే కూసుంటి గద. మొదటిపారి నువ్వు అయిజ అంటవని నాకు తెలుసు. మేడం రెండోపారి అడిగినప్పుడన్న గట్టు అంటవనుకుంటి."